పాత ఓమ్నికి ఆయిల్ మార్పు: గేర్‌బాక్స్‌కు ఒకటి, క్రౌన్‌కు ఇంకొకటి

నాన్న 2003లో కొన్న మారుతి ఓమ్ని ఇంకా మా దగ్గరే ఉంది. మీటర్ మీద 1,42,300 కిలోమీటర్లు. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, 1988లో ఓమ్ని అని పేరు మార్చుకుని, 2019లో తయారీ ఆగిపోయిన బండి ఇది. ఖమ్మంలో సామాన్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అమ్మే ఉద్దేశం నాకు లేదు. ఎండలు ముదిరేలోపు రెండు పనులు చూడాలనుకున్నాను. ఒకటి, పొద్దున్నే సెకండ్ గేర్ వేస్తే కర్రుమంటోంది. రెండు, దూరం వెళ్లొచ్చి ఆపితే ఐడ్లింగ్‌లో, ఇంజన్ ఆయిల్ ప్రెజర్ తగ్గిందని చెప్పే లైటు మినుకుమంటోంది.

మార్చి మొదటి ఆదివారం

పాత బిల్లులు తిరగేశాను. రెండేళ్ల కిందట ఒక షెడ్డులో గేర్‌బాక్స్‌కూ, వెనక డిఫరెన్షియల్‌కూ ఒకే డబ్బాలోంచి పోశారు. బిల్లులో ‘80డబ్ల్యూ-90, జిఎల్-5’ అని రాసి ఉంది. మొదటిది ఆయిల్ చిక్కదనం, జిఎల్ అంకె అది ఎంత ఒత్తిడి తట్టుకునే రకమో చెబుతుంది. క్రౌన్‌కు, అంటే డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్లచక్రానికి, అది సరైనదే. గేర్‌బాక్స్‌కు మాత్రం కాదు.

ఓమ్నిలో ఇంజన్ ముందు సీట్ల కింద, నడిచేది వెనక చక్రాలు. వెనక ఇరుసులో క్రౌన్‌ను తిప్పే చిన్న పళ్లచక్రం, పినియన్, క్రౌన్ మధ్యకు ఎదురుగా కాకుండా కాస్త కిందికి ఉంటుంది. అందుకే పళ్లు దొర్లడంతో పాటు ఒకదాని మీద ఒకటి జారుతూ కూడా నొక్కుకుంటాయి. ఆ ఒత్తిడి తట్టుకోవడానికి జిఎల్-5లో గంధకం, భాస్వరం ఉన్న మందులు ఎక్కువ కలుపుతారు. గేర్‌బాక్స్ సంగతి వేరు. అక్కడ ఇత్తడి సింక్రో రింగు గేరును కాస్త పట్టుకుని వేగం కలపాలి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే ఆ పట్టు దొరకదు, గేరు కర్రుమంటుంది. కొన్ని జిఎల్-5 ఆయిళ్లలోని గంధకం వేడికి ఇత్తడిని తినేస్తుంది కూడా. గేర్‌బాక్స్‌కు జిఎల్-4 కావాలి.

మార్చి రెండో వారం

రెండు షాపుల్లో లేదు. మూడో షాపాయన, ‘తమ్ముడూ, నైంటీ ఆయిల్ అంటే నైంటీ ఆయిలే’ అన్నాడు. ‘ఒకసారి డబ్బా తిప్పి చూపించండన్నా’ అని అడిగాను. వెనక చిన్న అక్షరాల్లో జిఎల్-5 అనే ఉంది. లోపలికెళ్లి వెతికి చివరికి జిఎల్-4 రకం 80డబ్ల్యూ-90 తెచ్చిచ్చాడు. 90 అనేది చిక్కదనం మాత్రమే, ఏ పనికో చెప్పదు. పైగా గేర్ ఆయిల్ లెక్క, ఇంజన్ ఆయిల్ లెక్క వేరు. 100 డిగ్రీల దగ్గర గేర్ ఆయిల్ 90 చిక్కదనం ఇంజన్ ఆయిల్ 40, 50లకు దగ్గరగానే ఉంటుంది.

మార్చి మూడో ఆదివారం

గేర్‌బాక్స్ ఆయిల్ దించే బోల్టు ముట్టుకోకముందే నింపే బోల్టు విప్పి చూసుకోండి. నాది తుప్పుతో బిగుసుకుపోయింది. పాత ఆయిల్ ముందే దించేసి ఉంటే బండి అక్కడే నిలబడిపోయేది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున సరిగ్గా సరిపోయే రెంచితో, పొడవాటి పైపు తగిలించి తిప్పితే కదిలింది.

పది కిలోమీటర్లు తిప్పి, వేడి మీద దించాను. ఆయిల్ బేసిన్‌ను ఎండలో పెడితే పసుపు రంగు మెరుపు కనిపించింది. అయస్కాంతం తిప్పినా అంటుకోలేదు. ఇత్తడే, సింక్రో రింగులది. అదంతా ఆయిల్ వల్లే అని ఖాయంగా అనలేను, ఇరవై ఏళ్లు దాటిన గేర్‌బాక్స్ మరి. కానీ చూడగానే మనసు కలుక్కుమంది.

చేతి పంపుతో నింపాను. బండి సమంగా నిలబెట్టి, నింపే కన్నం అంచు నుంచి కారేదాకా పోస్తే కొలత సరిపోయినట్టే. బోల్టుకు కొత్త వాషర్ వేశాను. వెనక క్రౌన్‌లో మాత్రం మళ్లీ జిఎల్-5 పోశాను. అక్కడ జిఎల్-4 పోసి పొదుపు చేయకండి, క్రౌన్ పినియన్ పళ్లు అరిగిపోతాయి.

ఏప్రిల్ మొదటి వారం, 1,42,640

భద్రాచలం వెళ్లొచ్చాం. సెకండ్ గేర్ కర్రుమనడం చాలావరకు పోయింది. తెల్లవారుజామున మొదటి కిలోమీటరులో కాస్త గట్టిగా ఉంటోంది, ఆ తర్వాత నున్నగా పడుతోంది.

ఏప్రిల్ మూడో వారం

ఇప్పుడు ఇంజన్. లైటు మినుకుమనగానే చిక్కటి ఆయిల్ పోసేయడం సరికాదు, ముందు ప్రెజర్ చూడాలి. మా బాబాయి దగ్గర ప్రెజర్ మీటరు తెచ్చి, ఇంజన్‌కు బిగించి ఉండే ఆ లైటు స్విచ్ విప్పి ఆ కన్నంలో బిగించాను. బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో చదరపు సెంటీమీటరుకు 0.4 కిలోలు. అంటే స్విచ్ తప్పు చెప్పడం లేదు.

లోపల ఉన్నది నేనే నిరుడు పోసిన 10డబ్ల్యూ-30 సింథటిక్. ఖరీదైనది పోస్తే మంచిదనుకున్నాను. 100 డిగ్రీల దగ్గర 30 నంబరు చిక్కదనం సెంటీస్టోక్ లెక్కలో 9.3 నుంచి 12.5 మధ్య, 50 నంబరుది 16.3 నుంచి 21.9 మధ్య ఉంటుంది. బేరింగుల్లో సందు పెరిగిన పాత ఇంజన్‌లో పలచటి ఆయిల్ నిలవదు. మన దగ్గర మేలో ఎండ 45 దాకా పోతుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో చిక్కదనం చెబుతుంది, మనకు చలికాలంలో కూడా 20డబ్ల్యూ గడ్డకట్టేంత చలి ఉండదు. అందుకే 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ తీసుకున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ 796 సీసీ ఇంజన్‌లో క్యామ్ మీద రాకర్లు రుద్దుకుంటూ కదులుతాయి. ఆ రాపిడి నుంచి కాపాడేది జింకు-భాస్వరం మందు. కొత్త ప్రమాణాల్లో 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పలచటి రకాలకు భాస్వరం 0.08 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. 20డబ్ల్యూ-50కి ఆ పరిమితి లేదు.

మూడు లీటర్ల డబ్బాలో కొంచెం మిగిలింది. డిప్‌స్టిక్ పై గీతకు వెంట్రుకవాసి కింద ఆపేశాను. ఫిల్టర్ రబ్బరుకు కొత్త ఆయిల్ రాసి, చేత్తోనే బిగించాను. పాత ఫిల్టర్ రబ్బరు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోతుందేమో తప్పకుండా చూసుకోండి. దాని మీద కొత్తది బిగిస్తే ఆయిలంతా బయటికి చిమ్ముతుంది.

మే రెండో వారం, 1,43,210

మిట్టమధ్యాహ్నం ఎండలో తిప్పి మీటరు పెట్టాను. ఐడ్లింగ్‌లో 0.9. లైటు వెలగలేదు, నాలుగు రోజులుగా టెన్షన్ లేకుండా తిప్పుతున్నాను. మైలేజీలో తేడా నాకేమీ తెలియలేదు. 5,000 కిలోమీటర్లకు మళ్లీ మారుస్తాను.

దించిన ఆయిల్ పాత డబ్బాల్లో పోసి మూత పెట్టాను. కొంత పాకలోని గుంజలకు చెదలు పట్టకుండా పూయడానికి ఇవ్వమని మా పక్కింటి తాత అడిగారు. అది వానకు కొట్టుకుపోయి బావి నీళ్లలో కలుస్తుందని చెప్పి ఇవ్వలేదు. పాత ఆయిల్ కొనేవాళ్లకే ఇస్తాను.

వెనక ఎడమ చక్రం దగ్గర డ్రమ్ము లోపలి వైపు తడి కనిపించింది. ఇరుసు సీలు కారుతున్నట్టుంది. ఆ ఆయిల్ బ్రేక్ లైనర్లకు పాకకముందే వచ్చే ఆదివారం డ్రమ్ము విప్పుతాను.