పిక్క నొప్పికి ఆక్యుపంక్చర్: నా అనుభవం

కాస్త దూరం నడిచేసరికి కుడి పిక్క పట్టేసేది. ఆగి నిలబడితే కొన్ని నిమిషాల్లో తగ్గేది. మళ్ళీ బయలుదేరితే దాదాపు అంతే దూరానికి మళ్ళీ పట్టేసేది. వయసు వల్లనే అని తేల్చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, నడిస్తే వచ్చి ఆగితే పోయే నొప్పి కాలి ధమని ఇరుకైందని చెప్పే ముఖ్యమైన గుర్తు. రక్తనాళాల వైద్యుడు చీలమండ దగ్గర, చేతి దగ్గర రక్తపోటు కొలిచి రెండింటి నిష్పత్తి చూశారు. అది 0.90 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ధమని ఇరుకైనట్టే. నాది 0.78 వచ్చింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ రాసి, నడకను కూడా మందులాగే వాడాలని చెప్పారు.

ఒంట్లో కొన్ని చోట్ల సన్నని సూదులు గుచ్చే చైనా వైద్యం, ఆక్యుపంక్చర్, ఆలోచన నాదే. రాత్రిళ్ళు పిక్కలో బిగువు, పాదం చల్లగా ఉండటం, కాలు ఏమవుతుందోనన్న దిగులు కలిసి నిద్రను తినేస్తున్నాయి. డాక్టరును అడిగితే ఆయన కొట్టిపారేయలేదు. మందులు ఆపకూడదు, పుండుగానీ చర్మం చిట్లడంగానీ ఉన్న చోట సూది పడకూడదు, తనకు చూపించకుండా ఏ మూలికా మింగకూడదు అన్నారు. ఆ షరతులను కాగితం మీద రాయించుకుని, మందుల చీటీతో పాటు పట్టుకెళ్ళాను. ఈ చికిత్సకు వెళ్ళే ప్రతివాళ్ళూ ఇలాగే చేయాలని గట్టిగా అనుకుంటున్నాను.

మొదటి రోజు ఎక్కువ సమయం ప్రశ్నలకే పట్టింది. నిద్ర, చెమట, దాహం, జీర్ణం, చలి ఎక్కువా వేడి ఎక్కువా అని ఆక్యుపంక్చర్ చేసే ఆవిడ అన్నీ అడిగారు. నాలుక పైభాగం చూసి, పైకెత్తమని అడుగున ఉన్న సిరలు కూడా చూశారు. ఒక్కో మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, తేలిగ్గా ఒకసారి, నొక్కి ఒకసారి నాడి పరీక్షించారు. చైనా వైద్యంలో మణికట్టు దగ్గర మూడు స్థానాలను విడివిడిగా చదువుతారు. నాలుక ఊదా రంగుకు తిరిగిందనీ, రక్తం నిలిచిపోయిన లక్షణమనీ చెప్పారు. చీ, అంటే ఒంట్లో ప్రవహిస్తుందని వాళ్ళు చెప్పే ప్రాణశక్తి, నడిస్తేనే రక్తం నడుస్తుందన్న ఆలోచన ఆ వైద్యానికి పునాది. సుమారు రెండు వేల ఏళ్ళ నాటి హువాంగ్‌దీ నేయ్‌జింగ్ గ్రంథం నుంచి అది సాగుతూ వస్తోంది. ఈ మాటకూ, నా ధమనిలో పేరుకున్న కొవ్వు పూడికకూ తేడా ఉంది కదా అని అడిగాను. ఉందని ఆవిడ నిస్సంకోచంగా ఒప్పుకున్నారు. పూడికను సూదితో తీస్తానని అనలేదు. నాకు నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

సూదుల గురించి భయపడేవాళ్ళకు ఒకటి చెప్పాలి. ఇవి ఇంజెక్షన్ సూదుల్లా బోలుగా ఉండవు. సుమారు పావు మిల్లీమీటరు మందం ఉండే సన్నని తీగలు. ఒక్కసారి వాడి పారేసే పొట్లాన్ని నా ఎదుటే విప్పారు. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళ దూరంలో, ఎముకకు బయటివైపు ఒకటి గుచ్చారు. ఆ చోటును జూసాన్‌లీ అంటారు. చీలమండ లోపలివైపు, ఎముకకు నాలుగు వేళ్ళ పైన ఉండే సాన్‌యిన్‌జియావో దగ్గర ఇంకొకటి. గర్భవతులకు ఈ రెండో చోట సూది వేయకపోవడం వాళ్ళ ఆనవాయితీ. గుచ్చినప్పుడు చీమ కుట్టినంత కూడా తెలియలేదు. కాసేపటికి మాత్రం లోపల బరువుగా, ఎవరో లాగుతున్నట్టుగా ఒక అనుభూతి మొదలైంది. వాళ్ళు ఎదురుచూసేదీ దాని కోసమే. దాదాపు అరగంట అలా పడుకోబెట్టారు. నిజంగానే కాలు వెచ్చబడింది. గుచ్చిన చోట నరాల కొసల నుంచి విడుదలయ్యే రసాయనాలు చుట్టూ ఉన్న చిన్న నాళాలను విప్పారేలా చేస్తాయి కాబట్టి ఆ వెచ్చదనం భ్రమ కాదు. అయితే పూడుకున్న పెద్ద ధమని అంతమాత్రాన తెరుచుకోదు. క్లోపిడోగ్రెల్ వల్ల ఒకటి రెండు చోట్ల చర్మం కమిలింది. ఆ తరువాత సూది తీసిన ప్రతిచోటా ఆవిడ దూదితో ఎక్కువసేపు నొక్కి పట్టేవారు.

మాచిపత్రి జాతి ఆకును కాల్చి వేడి పట్టే మోక్సా పద్ధతి కూడా ఉంది. నా పాదానికి వద్దని ఆవిడే అన్నారు. రక్తం సరిగా అందని పాదం కాలితే మానడం కష్టం.

మూలికల దగ్గర మాత్రం నేను పట్టుబట్టి ఆగాను. రక్తప్రసరణకు చైనా వైద్యంలో ఎక్కువగా వాడే వేరు డాన్‌షెన్. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ అనే మందు వాడేవాళ్ళు దాన్ని తీసుకుంటే రక్తం మరీ పలచబడి రక్తస్రావం అయిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నాది వార్ఫరిన్ కాకపోయినా, క్లోపిడోగ్రెల్ కూడా రక్తం గడ్డకట్టకుండా చూసే మందే. డాక్టరు వద్దన్నారు, అక్కడితో ఆ మాట ముగిసింది. మూలిక కాబట్టి హాని చేయదనే మాట వింటే నాకు కోపం వస్తుంది. పని చేయగల శక్తి ఉన్నదానికి హాని చేసే శక్తి కూడా ఉంటుంది.

వీటితో పాటు నడక సాగింది. నొప్పి ఓ మోస్తరుగా ముదిరేదాకా నడవడం, పూర్తిగా తగ్గేదాకా ఆగడం, మళ్ళీ నడవడం. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ అరగంటకు తగ్గకుండా, కనీసం 12 వారాలు చేయాలన్నది డాక్టరు పెట్టిన నియమం. మొదట్లో ఇది సూదులకన్నా ఎన్నో రెట్లు కష్టం. సూదుల తరువాత రాత్రి నిద్ర పట్టేది, పొద్దున పిక్క వదులుగా ఉండేది, అందువల్ల నడకకు మనసు మొరాయించేది కాదు. నా విషయంలో ఆక్యుపంక్చర్ చేసిన అసలు మేలు ఇదేనని నా నమ్మకం.

కొన్ని నెలల తరువాత మళ్ళీ కొలిస్తే నిష్పత్తి 0.80. అంత చిన్న తేడాను మెరుగుదలగా లెక్కించరని డాక్టరు చెప్పారు. ఆగకుండా నడవగలిగే దూరం మాత్రం బాగా పెరిగింది, దానికి ఆయన నడకనే కారణంగా చూపించారు. ఆక్యుపంక్చర్ ఆవిడ కూడా కాదనలేదు.

విశ్రాంతిలో కూడా పాదం నొప్పిపెట్టినా, వేళ్ళ దగ్గర మానని పుండు కనిపించినా వెంటనే డాక్టరు దగ్గరికే వెళ్ళమని ఇద్దరూ చెప్పారు. కాలు ఉన్నట్టుండి చల్లబడి పాలిపోతే అది అత్యవసరం, గంటలు కూడా ఆగకూడదు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిపుడితే సిరలో గడ్డ ఉందేమో తేలేదాకా ఆ కాలిని సూదికి గానీ మర్దనకు గానీ ఇవ్వకూడదు. ఇప్పుడు సూదులకు నిద్ర చెడినప్పుడు మాత్రమే వెళుతున్నాను. మాత్రలు, నడక యథాప్రకారం సాగుతున్నాయి.