డబ్బు తీసుకున్నవాడు ఒక్క ప్రశ్నా అడగలేదు

మా ఇంట్లో కుక్క ఉందనగానే ఎవరైనా మొదట అడిగేది "ఏ బ్రీడ్?" అని. "వీధి కుక్కేనండీ, షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం" అంటే ఒక్క క్షణం ఆగి, పరామర్శకు వచ్చినవాళ్ల గొంతుతో "మంచి పని చేశారు" అంటారు. మంచి పనీ లేదు, పాడూ లేదు. అంతకుముందు డబ్బు పోసి ఒక పిల్లను కొని చంపుకున్నాం, ఆ దెబ్బకి అటు వెళ్లాం, అంతే.

నాలుగేళ్ల కిందట మా అబ్బాయి పుట్టినరోజుకని ఒక పెట్ షాప్‌కి వెళ్లాం. అద్దం వెనక చింపిన న్యూస్‌పేపర్ల మీద ఆరు లాబ్రడార్ పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. పద్దెనిమిది వేలన్నాడు, పదిహేనుకి తెగింది. "నలభై రోజుల పిల్ల మేడమ్, ఇంత చిన్నప్పుడు తీసుకెళ్తేనే బాగా అలవాటవుతుంది" అంటే నమ్మేశాం. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నుంచీ కేంద్రం నిబంధన ఉందని, బ్రీడర్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలని మాకు అప్పుడేం తెలుసు! మూడో రోజు పాలు ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు, ఆ రాత్రి రక్తంతో విరేచనాలు, ఇల్లంతా ఒకలాంటి వాసన. డాక్టర్ గారు టేబుల్ మీద పెట్టగానే "పార్వో అయ్యుంటుంది" అన్నారు, కుక్కపిల్లలకి సోకే వైరస్ అది, టెస్టులోనూ అదే వచ్చింది. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించినా దక్కలేదు. షాప్‌కి ఫోన్ చేస్తే, "మా దగ్గర ఉన్నప్పుడు బాగానే ఉంది కదా మేడమ్, కావాలంటే ఇంకోటి సగం రేటుకి ఇస్తా" అన్నాడు. సగం రేటంట!

ఆ వైరస్ ఇంట్లో, మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుందని, టీకాలు పూర్తికాని పిల్లను ఇప్పట్లో తేవద్దని, అంతగా కావాలనుకుంటే టీకాలన్నీ వేసిన పెద్ద కుక్కను చూసుకోమని చెప్పింది కూడా ఆ డాక్టర్ గారే. హైదరాబాద్‌లో కుక్కను కొనకుండా తెచ్చుకోవాలనగానే అందరికీ గుర్తొచ్చేది 1992లో అమల, నాగార్జున మొదలుపెట్టిన జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్. మాకు మాత్రం తెలిసినవాళ్ల ద్వారా ఊరి చివర ఒక చిన్న షెల్టర్ దొరికింది.

అక్కడ మొదలైంది ఇంటర్వ్యూ. సొంతిల్లా, అద్దెదా? ఓనర్ ఒప్పుకున్నారా? పగలు ఇంట్లో ఎవరుంటారు? బాల్కనీకి గ్రిల్ ఉందా? సంక్రాంతికి ఊరెళ్తే దీన్ని ఎవరికి అప్పగిస్తారు? చివరికి మా అత్తయ్యకి ఫోన్ కలిపి మరీ "మీకు ఇష్టమేనా అమ్మా" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. ఊరికే తీసుకెళ్తామంటే ఇన్ని ఆరాలా, నా పెళ్లి సంబంధం అప్పుడు కూడా ఇన్ని అడగలేదు. అంతలో షెల్టర్‌లో ప్రశ్నలడుగుతున్న అమ్మాయి మూల గదిలో ఫ్యాన్ కింద పడుకున్న హస్కీ జాతి కుక్కని చూపించింది. వేలు పోసి కొన్నారట, అమెరికా వెళ్తూ ఇక్కడ వదిలిపెట్టారట. ఇక నోరు మూసుకుని ఫారం నింపాను. పదిహేను వేలు తీసుకున్న మనిషి నన్ను అడిగింది ఒక్కటే, క్యాషా ఫోన్‌పేనా అని.

మేం తెచ్చుకున్నది బెల్లం రంగు ఆడకుక్క, మూడేళ్లుంటాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంది. పేరు కూడా బెల్లమే. లాబ్రడార్ అయితే ఎలా పెరుగుతుందో, ఎలా ఉంటుందో ముందే తెలుస్తుందని అంటారు, కాదనను. కానీ పెద్ద కుక్క విషయంలో ఆ ఊహ కూడా అక్కర్లేదు, ఎంత ఎత్తు, ఎంత కోపం, పిల్లల్ని చూస్తే ఏం చేస్తుందన్నది కళ్ల ముందే ఉంటుంది.

అలాగని మొదటి రోజు నుంచే ఒళ్లో పడుకుందనుకునేరు. పదకొండు రోజులు మంచం కింద నుంచి రాలేదు. లైట్లన్నీ ఆర్పాక వచ్చి తిని మళ్లీ దూరేది. కుక్కర్ కూత వేస్తే ఒంటేలు పోసేసేది, చీపురు చేతిలోకి తీసుకుంటే చాలు, నేలకి అతుక్కుపోయి కళ్లు మూసుకునేది. దాన్ని ఎవరు దేనితో కొట్టారో ఇంక వేరే చెప్పాలా. ఆ చీపురు చూసే మా అత్తయ్య కరిగారు. వంటగది గడప దాటనివ్వనన్న మనిషి మంచం పక్కన కింద కూర్చుని, ఉప్పు వేయని పెరుగన్నం ముద్దలు చేసి చేయి చాపేవారు. పన్నెండో రోజు చేతిలోది తింది. ఇప్పటికీ ఆవిడ ఊడ్చేటప్పుడు ముందు దాన్ని బాల్కనీలోకి పంపించి, ఆ తర్వాతే చీపురు తీస్తారు.

ఖర్చు ఉండదనుకోవద్దు. ఏటా టీకాలు, పిడుదుల మందు, రెండు జతల చెప్పులు, ఒక పరుపు మూల ఇప్పటికి లెక్కలో ఉన్నాయి.

మొన్న పైఫ్లాట్ వాళ్లు పాపకి కుక్కపిల్ల కొనాలని, మంచి షాప్ ఏదైనా చెప్పమని అడిగారు. షెల్టర్ నంబర్ ఇచ్చాను. సాయంత్రం ఆవిడే ఫోన్ చేసి, "ఊరెళ్తే ఎవరు చూసుకుంటారని అడిగారండీ, మీ పేరు చెప్పేశాను, పర్లేదా?" అంది.