మేకుల దిబ్బలో ఇత్తడి కోసం

మెటల్ డిటెక్టర్ చేతికి రాగానే దాదాపు అందరూ చేసే పని ఒకటే, ఇనుము చప్పుడు వినపడకుండా డిస్క్రిమినేషన్ పెంచేయడం. తుప్పు మేకులు ఎవడికి కావాలి అని. పొలంలోనో ఖాళీ స్థలంలోనో అయితే సరే, కానీ కూలిన పాత ఇంటి పెరట్లో ఆ సెట్టింగ్‌తో తిరిగితే మిషన్ హాయిగా నోరు మూసుకుని ఉంటుంది, మనం ఇక్కడ ఏమీ లేదులే అనుకుని ఇంటికి వచ్చేస్తాం, ఇత్తడి మాత్రం మేకుల పక్కనే కూర్చుని ఉంటుంది.

ఇదంతా ఎందుకంటే చెన్నైలో చూలై అనే పేటలో మా పెదనాన్న వాళ్ళ ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేస్తున్నారు. తాతయ్యకి కొత్వాల్ చావడి మార్కెట్లో కొట్టు ఉండేది, 1996లో మార్కెట్ కోయంబేడుకి మారినప్పుడు ఆయన ఇంక నావల్ల కాదని మూసేసి కొట్టు సామానంతా తెచ్చి పెరట్లో షెడ్డులో పడేశారు, తర్వాత ఒక వానాకాలంలో షెడ్డు కాస్తా కూలిపోయింది, పనికొచ్చే దూలాలు తీసుకుని మిగతాదాని మీద మట్టి పోయించి చదును చేసేశారు. అంటే ఆ మట్టి కింద పెంకులు, వాసాల మేకులు, తలుపు బందులు, గొలుసులు, ఇనప తూకంరాళ్ళు, వాటి మధ్యలో ఎక్కడో గల్లాపెట్టె ఇత్తడి బిళ్ళలు, కొలతల గిద్దలు. వీశలూ మణుగుల కాలంనాటి సామాను అది. 1956లో చట్టం వచ్చి 1958 అక్టోబర్ నుంచి దశలవారీగా కిలోలు తెచ్చారు కదా, ఆ తర్వాత కూడా తాతయ్య పాతవి పారేయలేదు. వీశ అంటే దాదాపు కిలో నాలుగొందల గ్రాములు, పెదనాన్న ఇప్పటికీ బెల్లం గురించి మాట్లాడితే వీశల్లోనే చెప్తారు.

సరే మిషన్ సంగతి. మనలాంటి వాళ్ళ దగ్గర ఉండేవి ఎక్కువగా వీఎల్ఎఫ్ రకం, అంటే బాగా తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసేవి. కర్ర చివర పళ్ళెంలా ఉండే కాయిల్‌లోంచి అయస్కాంత క్షేత్రం అటూఇటూ మారుతూ భూమిలోకి వెళ్తుంది, కింద లోహం ఉంటే అందులో చిన్న చిన్న సుడి కరెంట్లు పుడతాయి, వాటి సిగ్నల్ కొంచెం ఆలస్యంగా తిరిగొస్తుంది, ఎంత ఆలస్యం అనేదాన్ని బట్టే ఇది ఇత్తడి ఇది ఇనుము అని మిషన్ అంచనా వేస్తుంది. ఇనుము అయితే కరెంటు పుట్టడమే కాదు తనే అయస్కాంతంలా కూడా స్పందిస్తుంది కాబట్టి దాని తీరు వేరు. ఇప్పుడు రెండూ ఒకేసారి కాయిల్ కింద ఉన్నాయనుకోండి, మిషన్‌కి చేరేది రెండూ కలిసిన ఒకే సిగ్నల్, అందులో ఇనుముదే పైచేయి అయితే స్క్రీన్ మీద ఇనుము అనే వస్తుంది. ఇంక ఇనుము వద్దు అని మనం ముందే చెప్పి ఉంచాం కాబట్టి మొత్తానికే సైలెంట్. పెళ్ళి బ్యాండు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టే, అవతలివాడు మాట్లాడట్లేదని కాదు కదా.

ఇంకో గొడవ ఉంది. మేకు మీదుగా కాయిల్ వెళ్ళాక మిషన్ తేరుకోవడానికి కాస్త టైం పడుతుంది, ఎంత త్వరగా తేరుకుంటుందో దాన్నే రికవరీ స్పీడ్ అంటారు. ఆ క్షణంలో కాయిల్ ముందుకు జరిగిపోతుంది కాబట్టి మేకు పక్కన రెండు మూడు అంగుళాల్లో ఉన్న బిళ్ళ చప్పుడే ఉండదు. ఈక్వినాక్స్ 800 అనే మోడల్‌లో అయితే ఈ స్పీడ్ 1 నుంచి 8 దాకా మార్చుకోవచ్చు, పెంచితే పక్కపక్కన ఉన్నవి విడివిడిగా వినపడతాయి, కాకపోతే లోతు తగ్గుతుంది. మేకుల దిబ్బలో లోతు పోతే పోనీ అనే అంటాను నేను, పైన ఉన్నదే దొరకనప్పుడు అడుగు కింద ఉన్నదాన్ని ఏం చేసుకుంటాం.

కాబట్టి డిస్క్రిమినేషన్ సున్నా, ఇనుము టోన్ వాల్యూం తగ్గించొచ్చు కానీ పూర్తిగా ఆపొద్దు, చిన్న కాయిల్. నా దగ్గర ఉన్నది పదకొండు అంగుళాలది, దాని కింద ఒకేసారి ఐదారు మేకులు పడతాయి, అంబత్తూరులో ఫ్రెండ్ దగ్గర ఆరంగుళాలది తెచ్చుకున్నాను. ఊపడం కూడా చాలా మెల్లగా. గుర్ గుర్ గుర్ అని మోగుతూనే ఉంటుంది, చిరాకేస్తుంది, ఆ గురగుర మధ్యలో ఎక్కడో చిన్నగా టింగ్ అని తెగిపోయిన శబ్దం వస్తుంది చూడండి, అక్కడ ఆగాలి. ఆగి తొంభై డిగ్రీలు పక్కకి తిరిగి మళ్ళీ ఊపాలి. వంగిన మేకు, వాషరు, సోడా మూత ఇవి కూడా అప్పుడప్పుడు ఇత్తడిలా మోగి మోసం చేస్తాయి, కానీ చాలాసార్లు అవి దిశ మారితే మాట మారుస్తాయి, శబ్దం పక్కకి జరుగుతుంది లేదా మాయమవుతుంది. రెండు వైపుల నుంచీ ఒకే చోట మోగితే తవ్వాల్సిందే. అసలు నన్నడిగితే ముందు ఇనుము ఏరేసి మళ్ళీ స్కాన్ చేయడమే అన్నిటికన్నా మేలు, ఎంత ఖరీదు మిషన్ అయినా బకెట్టు చేసే పని చేయలేదు. మా పెదనాన్న అరుగు మీద కూర్చుని "ఏరా, మేకులు ఏరడానికి ఇంత ఖరీదు మిషన్ కొన్నావా" అని అడుగుతూనే ఉన్నారు.

గిద్ద దొరికింది అలాగే. బందు ముక్క ఒకటి అడ్డంగా ఉంది, దాని చుట్టూ మట్టి అంతా అరచేయి మేర ఎర్రగా గట్టిపడి పెంకులా అయింది, తుప్పు మట్టిలోకి కూడా పాకేస్తుంది మరి. బందు తీసేశాక అప్పటిదాకా టిక్కుటిక్కుమన్నది గంటలా మోగింది. ఇంకో జానెడు లోపల గిద్ద, మూతి సొట్టపోయి, ఒక పక్కన ఇంకో ఇనపముక్క అంటుకుపోయి. విచిత్రం ఏంటంటే ఆ ఇనుము అంటుకున్న చోట ఇత్తడి నున్నగా ఉంది, మిగతా చోట ఆకుపచ్చ చిలుము, మధ్యమధ్యలో రాగిరంగు మచ్చలు. తడినేలలో రెండూ తగులుతూ ఉంటే ముందు ఇనుమే తినేసుకుపోతుంది, ఇత్తడికి అది కాపలా అన్నమాట. రాగి మచ్చలేమో ఇత్తడిలోంచి జింకు కారిపోయి రాగి మిగిలిన చోట్లు.

ఈ చిలుము గీకొద్దు, మంచినీళ్ళతో కడిగి ఆరబెడితే చాలు అని నేను చెప్తూనే ఉన్నాను, ఈలోపు పెద్దమ్మ చింతపండు నానేసింది. "ఇత్తడికి చింతపండు వద్దనేవాణ్ణి నిన్నే చూశాన్రా" అంది. గిద్ద దాచేశాను గానీ గల్లాపెట్టె తాళంబిళ్ళ మాత్రం ఆవిడ చేతిలో పడింది, ఇప్పుడది బంగారంలా ఉంది, బాగానే ఉందని ఒప్పుకోవాలి.

ఇది చదివి మహాబలిపురం వైపు బయల్దేరకండి బాబూ. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. సొంత పెరట్లో అయినా 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఒకటుంది, భూమిలో దాగిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాసివ్వాలని, అప్పటి పది రూపాయలే ఇప్పటికీ. మాది పెదనాన్న కళ్ళముందు పూడ్చిన సొంత సామాను కాబట్టి ధైర్యంగా తవ్వాను, ముంతలో నాణేలు లాంటివి తగిలితే మాత్రం ఆపేసి కబురు చేయడమే.

బావి పక్క మూల ఇంకా మిగిలింది. అక్కడ పాత మోటారు ఇనపపైపు భూమిలోనే ఉంది, దాని దగ్గరికి వెళ్తే మిషన్ ఆపకుండా అరుస్తుంది, ప్లంబర్‌ని పిలిచి పైపు కోయించాలి. ఫ్రెండ్ కాయిల్ వెనక్కి తీసుకెళ్ళిపోయాడు, జేసీబీ వచ్చేలోపు ఆ మూల పూర్తిచేయాలి, చెన్నైలో ఎవరి దగ్గరైనా ఈక్వినాక్స్‌కి సరిపోయే ఆరంగుళాల కాయిల్ ఉంటే ఒక ఆదివారం అప్పివ్వండి, టిఫినూ కాఫీ పెద్దమ్మ చూసుకుంటుంది.