ఆధారం ఏదమ్మా?

మన బడి పాత విద్యార్థుల సభకి వేసే సంచిక కమిటీ తరఫున మన క్లాస్ లీడర్ ఫోన్ చేసి, "రెండు పేజీలు రాసివ్వు, ఏదైనా సరే, గొడుగు సంగతి మాత్రం వద్దు" అన్నాడు. సరే, గొడుగు జోలికి పోను. మూడో గంట గురించి ఎలాగూ మీలో సగం మంది రాస్తారు. నీలం డస్టర్ గురించి రాసే హక్కు కవలలకే ఉంది. ఇక నాకు మిగిలింది శనివారం ఆఖరి పీరియడ్. నిజం చెప్పాలంటే నేను రాయాలనుకున్నదీ అదే.

సోషల్ మాస్టారు పాఠ్యపుస్తకం మూసి, పైపంచెతో కళ్లజోడు తుడుచుకుని, నల్లబల్ల మీద మూడు గడులు గీసేవారు గుర్తుందా? ప్రశ్న, జవాబు, ఆధారం. అప్పటికి దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు 'క్విజ్ టైమ్' మొదలైంది. హెడ్‌మాస్టారి ఇంటి కిటికీ దగ్గర నిలబడి చూసి వచ్చి, మనకీ అలాంటి పోటీ పెట్టమని మాస్టారిని వేధించాం. "రాజులు, యుద్ధాలు అడిగితే మీకు నిద్ర వస్తుంది. సినిమాలే అడుగుతాను. కానీ చెప్పిన ప్రతి మాటకీ ఆధారం చూపించాలి" అన్నారు. అప్పుడు మనం ఎగిరి గంతేశాం. ఆ మూడో గడి ఎంత కష్టపెడుతుందో తర్వాత తెలిసింది.

జవాబు చెప్పగానే ఆడపిల్లలనైతే "ఆధారం ఏదమ్మా?" అనేవారు, మగపిల్లలనైతే "ఏదిరా ఆధారం?" అనేవారు. "మా అన్నయ్య చెప్పాడండీ" అంటే సున్నా. "అందరూ అంటున్నారండీ" అంటే సున్నా కంటే తక్కువ. పాటల పుస్తకం ఒప్పుకునేవారు. క్యాసెట్ లోపలి కార్డు ఒప్పుకునేవారు. పత్రికలో పడ్డ ప్రకటన కత్తిరించి తెస్తే ఒప్పుకునేవారు, తేదీ ఉన్న భాగం కూడా కత్తిరించి ఉంటేనే. అన్నిటికంటే గట్టి ఆధారం తెర మీద పడే పేర్లు. "టైటిల్స్ అయ్యేదాకా మాట్లాడకండి, అవి కూడా సినిమానే" అని ఎన్నిసార్లు చెప్పారో!

నోట్సు రాసే బాధ్యత, మనం టేప్‌రికార్డర్ అని పిలిచే అమ్మాయిది. దాని దస్తూరీ ముత్యాల్లా ఉండేది కాబట్టి ఎవరూ పేచీ పెట్టలేదు. ఆ నోటుపుస్తకంలోని ప్రశ్నలు కొన్ని నాకు ఇప్పటికీ వరసగా వచ్చు. 1982 జాతీయ అవార్డుల్లో ఉత్తమ గాయకుడు, గాయని, సంగీత దర్శకుడు, ముగ్గురికీ పేరు తెచ్చిన ఒకే తెలుగు సినిమా ఏది? 'మేఘసందేశం'. గాయకుడు అనగానే బాలు అని అరిచారు రెండు బెంచీల వాళ్లు. కాదు, యేసుదాస్. సుశీల, రమేష్ నాయుడు మిగతా ఇద్దరు. ఒక్క సినిమాతో ఇంటిపేరే మారిపోయిన కవి ఎవరు? 1986లో 'సిరివెన్నెల' వచ్చాక చేంబోలు సీతారామశాస్త్రి గారిని ఆ ఇంటిపేరుతో పిలిచినవాళ్లు లేరు. ఆ సినిమాలో వేణువు ఊదిందెవరు? హరిప్రసాద్ చౌరాసియా. క్యాసెట్ కార్డు మీద ఆ పేరు చదివిన రోజున క్లాసులో పిడుగు పడ్డట్టు అయింది. హీరో వాయిస్తున్నాడనే అప్పటిదాకా మనలో చాలామంది నమ్మకం.

'పుష్పక విమానం'కి మాటలు రాసిందెవరు అని మాస్టారు ముఖంలో ఏ మార్పూ లేకుండా అడిగిన రోజు మర్చిపోయినవాళ్లు ఉండరు. లీడర్ లేచి నిలబడి "జంధ్యాల గారండీ" అన్నాడు, అదీ ధైర్యంగా! మాటలే లేని సినిమా అని గుర్తొచ్చేసరికి క్లాసంతా బల్లలు బాదింది. నవ్వు ఆగాక మాస్టారు లీడర్‌ని పక్కన నిలబెట్టుకుని, "వీడికి జంధ్యాల అనే పేరు తెలుసు. 'శంకరాభరణం'కీ 'సాగర సంగమం'కీ మాటలు ఆయనవే. మాటల రచయిత అనేవాడు ఒకడు ఉంటాడని ఈ క్లాసులో ఎంతమందికి తెలుసు?" అన్నారు. లీడర్‌కి సగం మార్కు వచ్చింది. ఆ సగం మార్కు గురించి వాడు ఇప్పటికీ చెప్పుకుంటాడు, చెప్పుకోవాలి కూడా.

టీవీ ప్రశ్నలు తక్కువే, ఎందుకంటే ఆధారం తేవడం కుదరదు. 'మహాభారతం'లో తెర మీద మనిషి కనిపించకుండా కథ చెప్పే కాలపురుషుడి గొంతు హరీష్ భిమానీది అని పేర్లలో చూసి చెప్పింది మూడో బెంచీ. 1988 ఆగస్టు 15న మొదటిసారి వచ్చిన 'మిలే సుర్ మేరా తుమ్హారా'లో మన బాలమురళి గారు ఏ భాషలో పాడారు అన్న ప్రశ్నకి ముప్పై గొంతులు ఒక్కసారి "తెలుగు" అన్నాయి. మాస్టారు అవునని గానీ కాదని గానీ అనలేదు. "మళ్లీ వచ్చినప్పుడు చెవులు పెట్టి వినండి" అన్నారంతే. అది ఎప్పుడు వేస్తారో తెలియక హెడ్‌మాస్టారింటి ముందు మూడు సాయంత్రాలు కాపలా కాశాం. ఆయన పాడింది తమిళంలో. తెలుగువాడు తమిళంలో పాడి దేశాన్ని కలిపాడని మాస్టారు ఆ సోమవారం పావుగంట మాట్లాడారు. ఆయన కంఠం కాస్త వణికింది కూడా.

ఇక అసలు సంగతికి వస్తాను. పదో తరగతి, 1990 మొదట్లో. వార్షికోత్సవానికి ముందు ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఆఖరి పోటీ. రెండు సెక్షన్లూ వరండాలో కూర్చున్నాయి. చెరి సమానంగా ఉన్నాం. మాస్టారు ఆఖరి ప్రశ్న చదివారు: "1980 నుంచి 1989 దాకా వచ్చిన తెలుగు సినిమాల్లో, బాలుగారికి ఉత్తమ గాయకుడిగా జాతీయ అవార్డు తెచ్చిపెట్టినవి ఎన్ని?"

సినిమా హాలు మేనేజర్‌గారబ్బాయి వెంటనే "మూడు" అన్నాడు. 'శంకరాభరణం', 'సాగర సంగమం', 'రుద్రవీణ'. వెనక నుంచి ఎవరో 'ఏక్ దూజే కే లియే' కూడా కలిపి నాలుగు అన్నారు గానీ అది హిందీ పాట, లెక్కలోకి రాదు. నేను "రెండు" అన్నాను. 'శంకరాభరణం' అవార్డు 1979 సంవత్సరానిది. మా బాబాయి దాచిన పాత పత్రికలో అవార్డుల జాబితా చదివాను, పైన సంవత్సరం వేసి ఉంది. వాడు ఊరుకుంటాడా? వాళ్ల హాలు పాత రిజిస్టరులో సినిమా విడుదల తేదీ ఉంది, 1980 ఫిబ్రవరి 2. విడుదల కాని సినిమాకి అవార్డెలా ఇస్తారని వాడి వాదన. ఇచ్చారు కదా అని నా వాదన. వరండా రెండుగా చీలిపోయింది. మాస్టారు సుద్దముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. తర్వాత "సోమవారం. ఇద్దరూ ఆధారంతో రండి" అని గంట కొట్టించేశారు.

ఆ రెండు రోజులూ నాకు అన్నం సహించలేదు. అదృష్టం ఏమిటంటే, అదే వారం 'శంకరాభరణం' మార్నింగ్ షోగా మళ్లీ ఆడుతోంది. ప్రతి సినిమాకీ ముందు సెన్సార్ సర్టిఫికెట్ తెర మీద పడుతుందని, దాని మీద తేదీ ఉంటుందని కవలల్లో పెద్దది గుర్తుచేసింది. ఆదివారం పొద్దున్న మా పెద్దమ్మని బతిమాలి, టేప్‌రికార్డర్‌ని, కవలల్ని వెంటేసుకుని వెళ్లాం. పని పంచుకున్నాం. సర్టిఫికెట్ పడేది నాలుగైదు సెకన్లే కాబట్టి ఒకరు పేరు చూడాలి, ఒకరు రీళ్ల సంఖ్య, నేను తేదీ ఒక్కటే. లైట్లు ఆరిపోయాయి. గుండె దడదడలాడుతోంది. పసుప్పచ్చగా వెలిసిపోయిన కాగితం, గీతలు గీతలుగా తెర మీద వణికింది. తేదీ చివర నాలుగంకెలు నాకు స్పష్టంగా కనిపించాయి. 1979. చీకట్లోనే అరచేతి మీద రాసుకున్నాను. పెద్దమ్మ "సినిమా ఇంకా మొదలే కాలేదు, అప్పుడే ఏం రాస్తున్నావే?" అంది.

తర్వాత సినిమా చూశాం. ఆ సంగతి వేరే చెప్పాలి. అంతకుముందు చిన్నప్పుడు ఎవరి ఒళ్లోనో కూర్చుని చూసిన సినిమా. ఈసారి ప్రతి పేరూ చదివాను. కె.వి. మహదేవన్, వేటూరి, వాణీ జయరాం. శంకరశాస్త్రిగా కనిపించిన సోమయాజులు గారు ఉద్యోగానికి డిప్యూటీ కలెక్టరని మాస్టారు ఒకసారి చెప్పి ఉన్నారు. ఆఫీసులో ఫైళ్ల మీద సంతకాలు పెట్టిన చెయ్యి అక్కడ తాళం వేస్తుంటే నేను కళ్లు తిప్పుకోలేకపోయాను.

సోమవారం మేనేజర్‌గారబ్బాయి రిజిస్టరు మోసుకొచ్చాడు. నేను నా అరచెయ్యి చూపించాను, స్నానం చేసినా ఆ చెయ్యి తడవనివ్వలేదు. మాస్టారు రెండూ చూశారు. అప్పుడు చెప్పారు: జాతీయ అవార్డుల లెక్క సెన్సార్ సర్టిఫికెట్ తేదీని బట్టి నడుస్తుంది. సర్టిఫికెట్ 1979లో వచ్చింది, జనం చూసింది 1980లో. అవార్డు వాళ్లకి అది 1979 సినిమా, మనకి 1980 సినిమా. ఇద్దరి ఆధారాలూ గట్టివే.

తర్వాత ఆయన చేసిన పని నేను ముప్పై అయిదేళ్లుగా తలుచుకుంటున్నాను. నల్లబల్ల వైపు తిరిగి, శనివారం నాటి ప్రశ్న మళ్లీ రాశారు. 'వచ్చిన' అనే మాట కింద గీత గీశారు. "వచ్చిన అంటే విడుదలైనవా, సర్టిఫికెట్ పొందినవా? నేను చెప్పలేదు. ప్రశ్న తప్పు. తప్పు నాది" అన్నారు. రెండు సెక్షన్లు, తొంభై మంది పిల్లలు, కిటికీ బయట తెలుగు మాస్టారు కూడా వింటున్నారు. ఒక పెద్దమనిషి అంత మామూలుగా తప్పు నాది అనడం నేను అంతకుముందు చూడలేదు. ఇద్దరికీ చెరో మార్కు వేసి, కప్పు రెండు సెక్షన్లకీ ఆరేసి నెలలు అన్నారు. మగపిల్లల ఆరు నెలలు ఇంకా పూర్తయినట్టు లేదు, కప్పు ఎక్కడుందో మేనేజర్‌గారబ్బాయి చెప్పాలి.

ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల గురించి నన్ను అడక్కండి. ఏం చదివానో, ఎక్కడ కూర్చున్నానో ఒక్క ముక్క గుర్తులేదు. ఇంటర్, డిగ్రీ కూడా అలాగే గడిచిపోయాయి.

నేను ఇప్పుడు ఏం చేస్తున్నానో మీలో కొందరికే తెలుసు. ఒక ఆడియో సంస్థలో పాత తెలుగు పాటల వివరాలు సరిచూసే విభాగం నాది. ఫోన్‌లో పాట పెట్టుకున్నప్పుడు కింద పేర్లు కనిపిస్తాయి కదా, గాయకులు, రచయిత, సంగీతం, సంవత్సరం, వాటిలో కొన్ని వేలు నా చేతి మీదుగా వెళ్లినవే. మొదట్లో ఆ పని చిన్నదని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. ఇప్పుడు నా కింద పదకొండు మంది పిల్లలు పనిచేస్తున్నారు, ఒక్కరూ ఆధారం లేకుండా పేరు ఎక్కించరు. పోయినేడాది ఒక జాబితాలో 'సామజవరగమనా' సినిమా పాట పక్కన త్యాగరాజు పేరు ఒక్కటే ఉంది. ఎత్తుగడ మాటలు త్యాగరాజు కీర్తనవే, కానీ ఆ పాట రాసింది వేటూరి. పాటల పుస్తకం స్కాన్ తెప్పించి, పై అధికారికి చూపించి, ఆ పేరు ఎక్కించేదాకా నాలుగు రోజులు పట్టింది. ఎక్కిన రోజు సాయంత్రం ఇంటికెళ్తూ బస్సులో ఆ పాట పెట్టుకుని, వినడం మానేసి, కింద ఉన్న పేరు చూస్తూ కూర్చున్నాను. జీతం పెరిగిన రోజున కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

సంవత్సరం గడిలో నేను రెండు అంకెలు పెట్టించాను, సర్టిఫికెట్‌దీ విడుదలదీ. అది ఎవరి పుణ్యమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

సోషల్ మాస్టారు సభకి వస్తున్నారని లీడర్ చెప్పాడు. అందుకే ఈ రెండు పేజీలు రాయడానికి ఒప్పుకున్నాను. టేప్‌రికార్డర్‌కి ఒక విన్నపం. ఆ నోటుపుస్తకం నీ దగ్గరే ఉందని నా నమ్మకం. దాంట్లో చివరి పేజీలో ఒక ప్రశ్న ఉంది, 'సితార' సినిమాకి మూలం ఏ నవల అని. జవాబు నువ్వే చెప్పావు, 'మహల్లో కోకిల', వంశీ గారే రాసింది అని. మన ఊరి లైబ్రరీలో పుస్తకం దొరకలేదు. మాస్టారు మూడో గడి ఖాళీగా వదిలేయమన్నారు, ఆ తర్వాత పబ్లిక్ పరీక్షలు వచ్చేశాయి.

పుస్తకం నాకు దొరికింది. అట్ట చిరిగింది గానీ లోపల పేజీలన్నీ ఉన్నాయి. సంచిలో పెట్టుకుని వస్తున్నాను. నువ్వు నోటుపుస్తకం, ఒక పెన్నూ తీసుకురా.