క్షయ వ్యాప్తిని జన్యుక్రమాలతో వెతికిన నా అనుభవం

మా అధ్యయనానికి ఉన్న ప్రశ్న ఒక్కటే. కొత్తగా టీబీ బయటపడినవారిలో ఎందరికి అది ఇటీవల మరొకరి నుంచి సోకింది, ఎందరిలో ఏళ్లుగా నిద్రాణంగా ఉన్న క్రిమి ఇప్పుడు విజృంభించింది? లక్షణాలను చూసి ఇది తేల్చలేం. రోగుల దగ్గర దొరికిన క్రిముల డీఎన్ఏను పోల్చి చూడాలి.

కళ్లె నమూనాల నుంచి కల్చర్ పెట్టడంతో, అంటే క్రిములను ల్యాబులో పెంచడంతో పని మొదలైంది. చాలా బ్యాక్టీరియాలు అరగంటలోనే రెట్టింపవుతాయి. క్షయ క్రిమికి దాదాపు ఒక రోజు పడుతుంది. అందుకే వాటిని పెంచే గుడ్డు మాధ్యమం మీద కాలనీలు కంటికి కనిపించడానికి వారాలు ఆగాల్సి వచ్చింది. తర్వాత క్రిములను వేడితో చంపి, మైనంలా మందంగా ఉండే వాటి కణకవచాన్ని ఛేదించి, డీఎన్ఏ తీశాం. సీక్వెన్సింగ్, అంటే డీఎన్ఏ అక్షరాల వరుసను చదవడం, మాత్రం యంత్రం పని, త్వరగానే అయింది.

1998లో ప్రచురితమైన హెచ్37ఆర్‌వి అనే క్షయ క్రిమి రకం జన్యుక్రమాన్ని ప్రమాణంగా పెట్టుకుని, సుమారు 44 లక్షల అక్షరాలలో ఎక్కడెక్కడ తేడాలున్నాయో చూశాను. ఈ క్రిమిలోని పీఈ, పీపీఈ అనే జన్యువులలో ఒకే రకం వరుసలు పదే పదే వస్తాయి. చిన్న చిన్న ముక్కలుగా చదివినప్పుడు ఏ ముక్క ఎక్కడిదో నమ్మకంగా చెప్పలేం కాబట్టి ఆ భాగాలను పక్కన పెట్టాను. ఇద్దరి క్రిముల మధ్య తేడా 5 అక్షరాలలోపు ఉంటే ఇటీవలి వ్యాప్తికి అవకాశం ఉందని, 12 దాటితే దాదాపు లేదని ఈ రంగంలో ఎక్కువమంది పాటించే కొలత.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఒక దంపతుల విషయం. తన వల్లే భార్యకు జబ్బు వచ్చిందని ఆ భర్త గట్టిగా నమ్మాడు. తీరా చూస్తే ఇద్దరి క్రిములూ వేర్వేరు వంశాలవి, తేడాలు వందల్లో ఉన్నాయి. ఆమెకు బయట ఎక్కడో సోకింది. ఈ సంగతి ఆరోగ్య కార్యకర్త చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఏడ్చాడట. ఎవరి నుంచి సోకలేదో జన్యుక్రమం ధైర్యంగా చెబుతుంది. ఎవరి నుంచి సోకిందో చెప్పమంటే తడబడుతుంది. ఈ క్రిమిలో రెండేళ్లకు సుమారు ఒక్క అక్షరమే మారుతుంది మరి! కొన్ని నెలల తేడాతో జబ్బుపడిన ముగ్గురి క్రిములు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే ఎవరి నుంచి ఎవరికి సోకిందని బాణం గుర్తు గీయాలి? నేను గీయలేదు. వ్యాప్తిని చూపే బొమ్మలో బాణాలు ఉంటే బాగుంటుందని కొందరు అడిగినా ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆ బాణం ఒక మనిషిని దోషిగా చూపిస్తుంది.

ఆ ముగ్గురూ పరిచయస్తుల జాబితాల్లో ఒకరి పేరు ఒకరు చెప్పలేదు. మళ్లీ వెళ్లి మాట్లాడితే, ఒకే పనిచోట వేర్వేరు షిఫ్టుల్లో, గాలి ఆడని ఒకే గదిలో పనిచేసేవారని తెలిసింది. అక్కడివారందరికీ పరీక్షలు చేయించమని ఆరోగ్య విభాగానికి రాశాం.

మరెవరి క్రిములతోనూ జన్యుక్రమం సరిపోలనివన్నీ పాత సోకుడే అని మాత్రం నివేదికలో రాయలేదు. నమూనా ఇవ్వనివారు, కల్చర్ పెరగనివారు, అసలు పరీక్షకే రానివారు ఎందరో ఉన్నారు. గొలుసులోని ఆ లంకె వారి దగ్గరే ఉండి ఉండవచ్చు.