డూలాక్ దారిలో బోదెలు

ఐర్లాండ్ పడమటి తీరంలో వెస్ట్‌పోర్ట్ నుంచి లీనాన్‌కి సైకిల్ మీద వెళ్లాలనుకునేవాళ్లకి ముందే ఒక మాట. గాలి ఎటు వీస్తుందో చూసుకుని బయల్దేరండి. నేను వాన ఉందా లేదా అన్నదొక్కటే చూశాను. వాన లేదు. కానీ లూయిస్‌బర్గ్ దాకా ఉన్న 22 కిలోమీటర్లూ పడమటి గాలి ఎదురుగా తోస్తూనే ఉంది, కిందికి దిగే చోట కూడా తొక్కాల్సి వచ్చింది. ఎడమ పక్క క్రో పాట్రిక్ కొండ, కుడి పక్క క్లూ బే అఖాతంలో చిన్న చిన్న ద్వీపాలు, అందరూ ఫొటోల్లో పెట్టేది ఆ దృశ్యమే. నాకు మాత్రం ముందు చక్రం, తారు రోడ్డు, ముక్కు కారడం తప్ప పెద్దగా ఏమీ గుర్తులేదు.

అంతకు ముందు రోజు గ్రీన్‌వే మీద తొక్కాను. పాత రైలు పట్టాలు తీసేసి అకిల్ ద్వీపం దాకా వేసిన సైకిల్ దారి, దాని మీద రైళ్లు 1937లోనే ఆగిపోయాయి. చదునుగా, హాయిగా ఉంటుంది. పిల్లలు, ముసలివాళ్లు కూడా తొక్కుతున్నారు. దాని గురించి ఇంతకంటే రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఖర్చు గురించి మాత్రం చెప్పాలి. డబ్లిన్ హ్యూస్టన్ నుంచి రైలు, మూడు గంటల పైన ప్రయాణం, టికెట్ ముందే తీసుకుంటే పర్లేదు. సైకిల్ అద్దె రోజుకి 30 యూరోలు. గది 105 యూరోలు, ఒక్కదాన్నే వచ్చినా ఇద్దరి రేటే. ఒంటరిగా తిరిగేవాళ్ల మీద ఈ దేశంలో ఇది ఒక పన్ను లాంటిది, నాలుగేళ్లుగా ఇక్కడున్నా నాకు అలవాటు కాలేదు. ఇంత తీసుకుని ఇచ్చిన సైకిల్‌కి మూడో గేరు నిలవడం లేదు. వేసిన ప్రతిసారీ టక్కుమని జారిపోతుంది. మధ్యలో దుకాణానికి ఫోన్ చేస్తే “తిరిగొచ్చాక చూద్దాం” అన్నారు.

లూయిస్‌బర్గ్‌లో తొమ్మిది యూరోలకి కూరగాయల సూప్, రెండు ముక్కల బ్రౌన్ బ్రెడ్, వెన్న ఇచ్చారు. ఆ బ్రెడ్ బాగుంది. పైన గరుకుగా, లోపల ఇంకా వెచ్చగా ఉంది, వెన్న రాయగానే కరిగి లోపలికి దిగిపోయింది. రెండు ముక్కలూ తినేసి, ఇంకో ముక్క అడిగి మరీ తిన్నాను. అక్కడ కూర్చుని ఉండగానే అమ్మ ఫోన్. “ఒక్కదానివీ ఆ కొండల్లో సైకిలేంటే, బస్సుల్లేవా?” అంది. నాకు పనికొచ్చే బస్సు ఆ దారిలో నిజంగానే లేదు. అదే చెప్పాను. అన్నం తిన్నావా అంది. తిన్నానన్నాను.

లూయిస్‌బర్గ్ దాటి దక్షిణానికి తిరిగాక ఇళ్లు తగ్గిపోతాయి. ముందు పది నిమిషాలకొక ఇల్లు, తర్వాత అదీ లేదు. రెండు పక్కలా గోధుమ రంగు గడ్డి, నల్లటి పీట్ నేల, గొర్రెలు. ప్రతి గొర్రె వీపు మీదా నీలమో ఎరుపో రంగు మచ్చ ఉంటుంది. కొండ మీద అందరి గొర్రెలూ కలిసి మేస్తాయి, ఎవరివి ఏవో ఆ రంగును బట్టి పోల్చుకుంటారు. అవి రోడ్డు మధ్యలో పడుకుని, సైకిల్ రెండడుగుల దూరంలోకి వచ్చాక లేస్తాయి.

ఆ ఖాళీ నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మాది దుగ్గిరాల దగ్గర పల్లెటూరు. మా ఊరి రోడ్డు మీద ఆడపిల్ల సైకిల్ తొక్కుకుంటూ వెళ్తే నాలుగు అడుగులకొకరు “ఎవరమ్మాయివి? ఎటెళ్తున్నావు?” అని అడుగుతారు. ఇక్కడ గంటసేపు ఎవరూ అడగలేదు. గట్టిగా పాటలు పాడాను. ఎదురుగాలి మీద కోపం కూడా కాస్త తగ్గింది. ఈ చోటు మొదటి నుంచీ ఇలాగే ఉండి ఉంటుంది, మనిషి అడుగు పడని చోటు అనుకున్నాను.

డూలాక్ సరస్సుకి ముందు ఒక ఎత్తు ఉంది. పెద్ద ఎత్తేం కాదు, కానీ గాలి, మూడో గేరు కలిసి పగబట్టాయి. సగంలో చైన్ ఊడి వెనక చక్రానికీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుపోయింది. లాగుతుంటే వేళ్లు కోసుకుపోయాయి. అప్పుడు వెనక నుంచి ఒక జీపు వచ్చి ఆగింది. ముందు సీట్లో ఒక పెద్దాయన, ఆయన పక్కన నలుపు తెలుపు కుక్క. డెబ్బై దాటి ఉంటాయి ఆయనకి. ఏమీ అడగకుండా దిగి, సైకిల్ తిరగేసి సీటు మీద నిలబెట్టి, జీపులోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి రెండు నిమిషాల్లో చైన్ ఎక్కించేశాడు. ఆయన చేతుల నుంచి గొర్రె ఉన్ని జిడ్డు వాసన వచ్చింది. గోళ్ల చుట్టూ నీలం రంగు ఉంది.

“ఎక్కడి నుంచి?” అన్నాడు. డబ్లిన్ అన్నాను. “అది కాదమ్మా, ఇల్లెక్కడ?” ఇండియా అన్నాను. ఆయన ముఖం మారింది. పైన ఎత్తు వైపు చెయ్యి చూపించి, “అక్కడ రాయి దగ్గర ఆగు. మీవాడి మాటే ఉంది దాని మీద” అన్నాడు.

మావాడెవరు అనడిగేలోపు రోడ్డుకి అడ్డంగా ఉన్న గొర్రెల మీదికి కుక్క దూకింది. ఆయన కుక్కను పిలుస్తూ, జీపు తలుపుకి ఆనుకుని మిగతాది చెప్పాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, తర్వాత రాత్రి చదివి సరిచూసుకున్నాను కూడా.

1849 మార్చి 30న లూయిస్‌బర్గ్‌కి వందల మంది ఆకలితో వచ్చారు. ఇక్కడ కరువు మొదలై అప్పటికి నాలుగేళ్లు. సాయం అందుతూ ఉండాలంటే ఇద్దరు అధికారులు వాళ్లను తనిఖీ చెయ్యాలి. ఆ అధికారులు అక్కడ ఆగకుండా డెల్ఫీ అనే చోట ఉన్న వేట బంగళాకి వెళ్లిపోయారు. రేపు పొద్దున ఏడింటికి అక్కడికి రండి, రాకపోతే పేర్లు కొట్టేస్తామన్నారు. డెల్ఫీ 12 మైళ్ల దూరం. ఆ రాత్రి జనం ఈ దారినే నడిచారు, చలిలో, వడగళ్లలో, చెప్పుల్లేకుండా. వెళ్తే అధికారులు భోజనం చేస్తున్నారు ఆగమన్నారట, ఆ తర్వాత ఏమీ ఇవ్వకుండా పంపేశారట. తిరిగి నడుస్తూ దారి పక్కన పడిపోయారు. కాగితాల్లో ఉన్న లెక్క చిన్నది, ఊరివాళ్లు చెప్పే లెక్క చాలా పెద్దది. “మా తాతకి వాళ్ల తాత చెప్పాడు” అన్నాడాయన. అని జీపెక్కి, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

రాయి దగ్గర ఆగాను. చదునైన బూడిద రంగు రాతితో చేసిన మామూలు శిలువ, రోడ్డు పక్కనే ఉంది. ముందు ‘డూలాక్ విషాదం 1849’ అని చదివాను. ఆ ఏడాది ఇక్కడ నడిచిన ఆకలిగొన్న పేదలకీ, ఈనాడు ప్రపంచంలో అలా నడుస్తున్న పేదలకీ గుర్తుగా అని ఉంది. తర్వాత గాంధీ పేరు చూశాను. తోటి మనిషిని అవమానించి తనకు గౌరవం దక్కిందని మనిషి ఎలా అనుకోగలడు అన్న ఆయన మాట చెక్కి ఉంది. ఊరికి ఇంత దూరంలో, గొర్రెలు తప్ప ఎవరూ లేని కొండ పక్కన ఆ పేరు చదువుతుంటే ఒళ్లు జలదరించింది. కింద సరస్సు నల్లగా పొడుగ్గా పడుంది. కుడి పక్క మ్వీల్‌రియా కొండ నీళ్లలోంచే లేచినట్టుంది. అంత అందంగా ఉంది, నాకు దాన్ని ఫొటో తీయబుద్ధి కాలేదు.

అక్కడి నుంచి సరస్సు పక్కన తొక్కుతూ నేను ఒకటే లెక్క వేశాను. వాళ్లు నడిచిన 12 మైళ్లంటే 19 కిలోమీటర్లు. నేను మూడు ముక్కల రొట్టె తిని, గేర్ల సైకిల్ మీద, మే నెలలో పగటి పూట వస్తూ గాలి గురించి విసుక్కున్నాను. వాళ్లు మార్చి నెలలో రాత్రి పూట, రోజుల తరబడి తిండి లేకుండా, పిల్లల్ని ఎత్తుకుని నడిచారు. మళ్లీ అంత దూరమూ వెనక్కి నడిచారు.

మా నాయనమ్మ మాకు నందన కరువు గురించి చెప్పేది. ఆమె చూసింది కాదు, ఆమె పుట్టడానికి వందేళ్ల ముందుది. 1832-33లో వచ్చింది, డొక్కల కరువు అని కూడా అంటారు. మా గుంటూరు జిల్లాలో మూడో వంతు మంది దాకా పోయారని రాస్తారు. మేము గబగబా తింటుంటే నాయనమ్మ “నందన కరువులో పుట్టావేమే” అనేది. అది తిట్టనుకునేదాన్ని. ఆ రోజు సరస్సు పక్కన ఆ మాట గుర్తొచ్చి సైకిల్ ఆపాల్సి వచ్చింది. డొక్కలు తేలిన మనుషులు ఇదే రోడ్డు మీద నడిచారు. వీళ్లకీ మాకూ పైన ఉన్న రాజ్యం ఒకటే, లండన్‌లోనే. ఇక్కడ కరువు అన్నిటికంటే ఘోరంగా ఉన్న 1847లోనే అక్కడ ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది. 1852లో అది పూర్తయింది, అదే ఏడాది బెజవాడలో కృష్ణ మీద పని మొదలై 1855కి అయిపోయింది. మా పొలానికి వచ్చే నీళ్లు ఆ కాలవవే. మాకు కరువు తర్వాత నీళ్లు వచ్చాయి, జనం పెరిగారు, రోడ్డు మీద నాలుగడుగులకొకరు పలకరిస్తారు. ఇక్కడ పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మంది పడవలెక్కి వెళ్లిపోయారు. ఈ దారి ఉన్న మాయో కౌంటీలో (మన జిల్లా లాంటిది) 1841లో 3 లక్షల 89 వేల మంది ఉంటే 1851కి 2 లక్షల 75 వేలు, 2022లో లక్షా 38 వేలు. ఈ ఖాళీ మొదటి నుంచీ ఉన్నది కాదు.

డెల్ఫీ దాటాక దారి కిల్లరీ ఒడ్డుకి దిగుతుంది. సముద్రం కొండల మధ్యకి 16 కిలోమీటర్లు చొచ్చుకు వచ్చిన చోటు అది. సాయంత్రం ఎనిమిది దాటింది, మే నెల కాబట్టి ఎండ ఇంకా ఉంది, కానీ ఏటవాలుగా పడుతోంది. అప్పుడు అవతలి ఒడ్డు కొండ మీద గీతలు కనిపించాయి. పచ్చగడ్డి కింద నుంచి పైకి ఉబ్బి, వరసగా, ఒకదాని పక్కన ఒకటి, నీటి అంచు నుంచి కొండ మీదికి. చూడగానే తెలిసిపోయింది, అవి బోదెలు. మా పసుపు చేలో నాన్న వేయించే బోదెల్లాగే ఉన్నాయి, మధ్యలో నీళ్లు పోయే కాలవలతో సహా. ఎండ నెత్తి మీద ఉన్నప్పుడు చూస్తే అక్కడ వట్టి గడ్డే కనిపిస్తుంది.

రాత్రి లీనాన్‌లో గది ఇచ్చినావిడని అడిగితే, అవి బంగాళాదుంపల బోదెలే అంది. కరువు నాటివి. మనుషులు పోయాక మళ్లీ ఎవరూ దున్నలేదు, గొర్రెలు మేస్తాయి, అంతే. నూట డెబ్బై ఏళ్లు దాటినా చెదరలేదు.

నాకు చిన్నప్పుడు మా చేనుకి దుంప కుళ్లు తెగులు వచ్చిన ఏడాది బాగా గుర్తు. పైన ఆకు పసుపు రంగుకి తిరిగింది, నాన్న గునపంతో ఒక మొక్క లేపి చేతిలో నొక్కితే దుంప మెత్తగా నీరుకారి వేళ్ల మధ్య నుంచి జారింది. ఆ వాసన రెండు రోజులు ఆయన చేతుల్ని వదల్లేదు. ఆయన ఆ రాత్రి తినలేదు. మాకు అది ఒక పంట నష్టం, అప్పు అయింది, తీర్చాం. ఇక్కడివాళ్లకి తెగులొచ్చి కుళ్లింది బంగాళాదుంప, అది తప్ప ఇంకో తిండి లేదు. వీళ్లూ అలాగే ఒక్కో బోదె తవ్వి చూసుకుని ఉంటారు, ఇదన్నా బాగుందేమోనని, తర్వాత ఆ పక్కది.

పడుకునే ముందు ఆ కొండ ఫొటో నాన్నకి పంపాను, ఏమీ రాయకుండా. అప్పటికి అక్కడ అర్ధరాత్రి దాటింది. పొద్దున టిఫిన్‌కి దిగేసరికి జవాబు వచ్చి ఉంది.

“బోదెలు బాగా తోలారు. ఏం వేశారమ్మా?”

బంగాళాదుంప అని పెట్టాను.

వెంటనే వచ్చింది. “తవ్వకం ఎప్పుడంట?”

ఏదో టైప్ చేశాను, చెరిపేశాను, మళ్లీ చేశాను. ప్లేటులో వెన్న రాసిన రొట్టె చల్లారిపోతోంది. చివరికి బయటికి వచ్చి, గాలికి వినపడదని గోడ పక్కన నిలబడి ఫోన్ చేశాను.