ఎఫ్-150కి టో మిర్రర్లు: ట్రైలర్ టైర్లు కనబడేదాకా చేసిన పని

ఫిబ్రవరి

మేం తీసుకున్న ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక లాక్కెళ్ళే చిన్న ఇల్లు లాంటి బండి) వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు, అంటే 102 అంగుళాలు. అమెరికాలో పర్మిట్ లేకుండా హైవే మీద లాగగలిగే వెడల్పు మామూలుగా అంతే. మా 2018 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు బాడీ వెడల్పు అద్దాలు వదిలేస్తే దాదాపు 80 అంగుళాలు. అంటే ట్రక్కుకి అటూ ఇటూ పదకొండేసి అంగుళాల చొప్పున ట్రైలర్ బయటికి వస్తుంది. కంపెనీ ఇచ్చిన అద్దాల చివర నుంచి చివరకి టేపు పెడితే సుమారు 97 అంగుళాలు. ఒక్కో పక్క ట్రైలర్ గోడ కంటే అద్దమే రెండున్నర అంగుళాలు లోపలికి ఉంది. ఇబ్బందంతా ఆ రెండున్నర అంగుళాల దగ్గరే.

మామూలు అద్దాలతో ఏమీ కనిపించదనుకోకండి. పక్క లేన్‌లో దూరంగా వస్తున్న కారు బాగానే కనిపిస్తుంది. అందుకే చాలామంది ఈ అద్దాలు చాలంటారు. కానీ ట్రైలర్ ముందు మూల అడ్డం వచ్చి దాని పక్క గోడ, టైర్లు, వెనకే అంటుకుని వచ్చే బండి అన్నీ దాక్కుంటాయి. టైరు లేన్ గీత మీదికి వెళ్తోందా, గాలి తగ్గి టైరు ముక్కలవుతోందా అన్నది తెలిసే దారే లేదు. లోపలి అద్దంలో ట్రైలర్ తెల్ల గోడ తప్ప మరోటి ఉండదు. టెక్సస్ చట్టం కూడా బండి వెనక కనీసం 200 అడుగుల మేర రోడ్డు అద్దంలో కనిపించాలంటుంది, లాగే బండికైనా సరే.

కాబట్టి పెద్ద అద్దం కొంటే సరిపోదు, అద్దం బయటికి జరగాలి. కొనేముందు అందరూ అద్దం సైజు అడుగుతారు. అడగాల్సింది అది ఎంత దూరం చాస్తుంది, చాచిన తర్వాత కదలకుండా ఉంటుందా అని.

ఏప్రిల్

ముందు తక్కువ ఖర్చులో పోయేది చూశాను, అంటే ఉన్న అద్దాల మీదే తగిలించే అదనపు అద్దాలు. వీటిలో రెండు రకాలు. ఒకటి మీ మోడల్ అద్దం గూటికి అచ్చంగా సరిపోయేలా తొడిగేది. రెండోది ఏ బండికైనా పట్టీలతో బిగించేది. పట్టీల రకం పెయింటుని గీస్తుందని తొడిగే రకం తెచ్చాను. తొడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. అద్దం గూడు ముందే తుడిచి తొడగండి, ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా గీత పడుతుంది.

నిలబడి ఉన్నప్పుడు అద్భుతంగా కనిపించింది. ఫ్రిస్కో నుంచి టెక్సోమా సరస్సు వైపు 75వ నంబర్ హైవే ఎక్కి వేగం గంటకి అరవై మైళ్ళు దాటగానే అద్దం వణకడం మొదలైంది. వెనక కారు హెడ్‌లైట్లు రెండూ నాలుగై, ఒక్కోసారి ఒకటే పొడుగు గీతగా సాగిపోయాయి. పక్క నుంచి పద్దెనిమిది చక్రాల లారీ దాటితే ఆ గాలికి అద్దం కోణమే మారిపోయేది. వెనక బండి ఉందని తెలుస్తుంది, ఎంత దూరంలో ఉందో తెలియదు. లేన్ మారడానికి కావలసింది ఆ దూరమే కదా. గూటికీ తొడుగుకీ మధ్య సైకిల్ ట్యూబు ముక్క ఇరికిస్తే వణుకు సగం తగ్గింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు యూ-హాల్ ట్రైలర్ అద్దెకి తెచ్చి ఊళ్ళో నెమ్మదిగా లాగేవాళ్ళకి ఇది చాలు. నెలనెలా హైవే ఎక్కేవాళ్ళకి చాలదని నా నిర్ణయం.

జూన్

చేత్తో లాగితే బయటికి జరిగే టో మిర్రర్ల జత తెప్పించాను. ఆర్డర్ పెట్టేముందు చూడాల్సింది ప్లగ్గు. ఈ తరం ఎఫ్-150లో సాదా అద్దాలకి 8 పిన్నులు, హంగులు ఎక్కువున్నవాటికి 22 పిన్నులు. తలుపు ప్యానెల్ విప్పి పాత ప్లగ్గు ఫోటో తీసుకుని, అదే రకం తెప్పించాను. హీటర్, ఇండికేటర్, బ్లైండ్ స్పాట్ దీపం (అద్దానికి అందని చోట బండి ఉంటే వెలిగేది) మీ పాత అద్దంలో ఏవి ఉన్నాయో కొత్తదానిలోనూ అవి ఉండాలి. బ్లైండ్ స్పాట్ సెన్సర్ ఉండేది వెనక లైటు గూటిలో, అద్దంలో ఉండేది దాని హెచ్చరిక దీపం మాత్రమే. అందుకని అద్దం మార్చినా సెన్సర్ పోదు, దీపం లేని అద్దం తెస్తే మాత్రం హెచ్చరిక కనబడదు.

పని ఎండ రాకముందే గరాజులో పెట్టుకున్నాను. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ప్యానెల్ స్క్రూలు తీసి, ప్లాస్టిక్ బద్దతో కింది నుంచి క్లిప్పులు ఒక్కొక్కటే వదులు చేసి, ప్యానెల్‌ని పైకి లేపాలి. స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు, ప్యానెల్ అంచు నొక్కుకుపోతుంది. అద్దం నట్లు విప్పేముందు తలుపు లోపలి సందులో పాత తువ్వాలు కుక్కండి. నట్టు జారి లోపల పడితే దాన్ని వెతకడానికి పనికంటే ఎక్కువసేపు పడుతుంది. ఆఖరి నట్టు విప్పేటప్పుడు బయట ఎవరో ఒకరు అద్దాన్ని పట్టుకోవాలి, టో మిర్రర్ బరువు మామూలుదాని కంటే బాగా ఎక్కువ. నేను తలుపు లోపల, మా ఆవిడ బయట. కొత్తది బిగించాక ప్యానెల్ మూయకముందే బ్యాటరీ కలిపి, అన్ని మోటార్లూ దీపాలూ పరీక్షించి, ఆ తర్వాతే క్లిప్పులు నొక్కాం.

ఆగస్టు

అద్దం ఎంత మంచిదైనా దాన్ని సర్దడం రాకపోతే దండగ. ట్రైలర్ తగిలించి, సామాను నింపాకే సర్దాలి. హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద బరువు పడగానే ట్రక్కు వెనక దిగి, ముక్కు లేస్తుంది. అద్దం చూపు కిందికి వాలి, వెనక దగ్గరి రోడ్డు తప్ప దూరం కనిపించదు. ఖాళీ ట్రక్కులో సర్దినది లోడుతో పనికిరాదు.

ఖాళీ పార్కింగులో ట్రక్కూ ట్రైలరూ ఒకే గీతలో నిలిపాను. ఒక్కో టో మిర్రర్‌లో పైనా కిందా రెండు అద్దాలుంటాయి. పై అద్దంలో లోపలి అంచున ట్రైలర్ గోడ సన్నని చారలా కనబడాలి, ఆకాశం నేల కలిసేచోటు మధ్యలో ఉండాలి. కింద ఉన్న చిన్న కుంభాకార అద్దంలో ట్రైలర్ టైర్లు, వాటి పక్కన లేన్ గీత. మా ఆవిడ ఫోన్ స్పీకర్‌లో పెట్టి ట్రైలర్ వెనక మూల నుంచి పక్కకి అడుగులో అడుగు వేస్తూ నడిచింది. "ఇప్పుడు కనిపిస్తున్నానా అండీ?" అని అడుగుతూనే ఉంది. పై అద్దం వదిలిన చోట కింది అద్దం అందుకోవాలి, మధ్యలో ఆమె మాయమయ్యే జాగా మిగలకూడదు. రెండో పక్కన కాస్త మిగిలింది, కింది అద్దాన్ని కొద్దిగా బయటికి తిప్పితే పోయింది.

కుంభాకార అద్దంలో దూరం తప్పుగా తెలుస్తుంది, బండ్లు కనిపించేదానికంటే దగ్గరగా ఉంటాయి. ఏముందో కింది అద్దంలో చూసి, ఎంత దూరమో పై అద్దంలో తేల్చుకుంటాను.

హైవే మీద తేడా మొదటి పది మైళ్ళలోనే తెలిసింది. హెడ్‌లైట్లు రెండే, కదలకుండా. గాలి చప్పుడు కొంచెం పెరిగింది. రివర్సులో లాభం ఇంకా ఎక్కువ. ట్రైలర్ మడుచుకోవడం మొదలవగానే టైరు దగ్గరే పసిగట్టి స్టీరింగ్ సరిచేసుకోవచ్చు. క్యాంపుసైటు ఎంచుకునే వీలుంటే డ్రైవర్ వైపుకి తిరిగి వెనక్కి పెట్టేది తీసుకోండి, ఆ పక్క మన అద్దం, మన కిటికీ రెండూ పనికొస్తాయి.

ట్రైలర్ విప్పగానే అద్దాలు లోపలికి నెట్టేస్తాను. కిరాణా కొట్టు పార్కింగులో అవి సరిగ్గా పిల్లల తల ఎత్తున పొడుచుకొస్తాయి. మా గరాజు తలుపు వెడల్పు 8 అడుగులే, మడవకపోతే ట్రక్కు లోపలికి దూరదు.

అక్టోబరులో

టెక్సస్‌లోనే ఉన్న పాలో డ్యూరో కాన్యన్ అనే లోయ పార్కుకి వెళ్ళాలనుకుంటున్నాం. పార్కు లోపలికి దిగే దారి 10 శాతం వాలు, మలుపులు కూడా ఉన్నాయి. మలుపులో లోపలి వైపు ట్రైలర్ టైరు రోడ్డంచుకి ఎంత దగ్గరగా వెళ్తుందో కింది అద్దంలోనే చూసుకోవాలి. దిగేముందు పైనే ఆగి ఆ అద్దాల్ని మరికాస్త కిందికి వంచి, బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకుల్ని ట్రక్కులోంచి నడిపేది) సరిచూసి, తక్కువ గేరులో బయల్దేరతాం. ఈలోగా కుడి కింది అద్దం ఫ్రేములో కొంచెం వదులు కనిపిస్తోంది, దాని క్లిప్పు మార్చాలి.